ఫిజిషియన్ అసిస్టెంటు ఎంతవరకు?



ఉదయం రౌండ్సులో డాక్టరు గారి వెంట కేసు షీట్లు పట్టుకొని నడిచే యువతీయువకులను మీరు చూసే ఉంటారు. జబ్బు వివరాలు అడుగుతారు, బి.పి. చూస్తారు, కట్టు విప్పి గాయం పరీక్షిస్తారు. చాలామంది వారిని "డాక్టరు గారూ" అనే పిలుస్తారు. వారు డాక్టర్లు కారు, నర్సులూ కారు, ఫిజిషియన్ అసిస్టెంట్లు. వారి పని ఎక్కడ ఆగాలో వారికీ, రోగులకూ తెలియడం అవసరమని ఈ వ్యాసం రాస్తున్నాము.

ఈ వృత్తి 1965లో అమెరికాలోని డ్యూక్ విశ్వవిద్యాలయంలో డాక్టర్ యూజీన్ స్టెడ్ ఆధ్వర్యంలో మొదలైంది. మన దేశానికి 1992లో ఒక మిషన్ ఆసుపత్రి ద్వారానే వచ్చింది. మద్రాస్ మెడికల్ మిషన్‌లో గుండె శస్త్రవైద్యులు డాక్టర్ కె.ఎం. చెరియన్ ఈ కోర్సు ప్రారంభించారు.

చట్టం ఏమంటోంది?

2021లో వచ్చిన జాతీయ అనుబంధ, ఆరోగ్య సంరక్షణ వృత్తుల కమిషన్ చట్టం ఫిజిషియన్ అసిస్టెంట్లను గుర్తింపు పొందిన వృత్తుల పట్టికలో చేర్చింది. ఇది సంతోషించదగిన విషయం. అయితే ఆ గుర్తింపు వారిని డాక్టర్లుగా చేయలేదు. 2019 నాటి జాతీయ వైద్య కమిషన్ చట్టం 34వ సెక్షను ప్రకారం, మెడికల్ రిజిస్టరులో పేరు లేనివారు డాక్టరుగా ప్రాక్టీసు చేయరాదు. వైద్య ధ్రువపత్రంపై, ఫిట్‌నెస్ సర్టిఫికెట్టుపై సంతకం చేయరాదు. అతిక్రమిస్తే ఏడాది వరకు జైలు, లేదా 5 లక్షల రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ.

కనుక జబ్బు వివరాలు రాయడం, పరీక్షించి డాక్టరుకు చెప్పడం, ఆపరేషనులో చేయి అందించడం, డిశ్చార్జి అయినవారి బాగోగులు కనుక్కోవడం – ఇవన్నీ డాక్టరు పర్యవేక్షణలో చేయవచ్చు. సొంతంగా జబ్బు తేల్చడం, సొంత సంతకంతో మందులు రాయడం తగదు. డాక్టరు ముందే సంతకం చేసి ఉంచిన ఖాళీ చీటీ మీద రాసినా తప్పు తప్పే. అది ఇద్దరి తప్పు.

"అమెరికాలో మా అమ్మాయికి అసిస్టెంటే మందులు రాశారు" అని కొందరు అంటారు. నిజమే. అక్కడ ప్రతి రాష్ట్రం చట్టం ద్వారా ఆ అధికారం ఇచ్చింది. ఆ చట్టం మన ఊరికి వర్తించదు.

ఇంటికి వెళ్ళినప్పుడు

అసలు పరీక్ష వార్డులో కాదు, సెలవులకు ఊరు వెళ్ళినప్పుడు వస్తుంది. "అబ్బాయీ, పెద్దాసుపత్రిలో చేస్తున్నావు గదా, పిల్లకు జ్వరం, ఒక సూదిమందు వేసిపో నాయనా" అని పక్కింటి పెద్దమ్మ బతిమాలుతుంది. కాదంటే గర్వం అనుకుంటారు. చేయి ఊరుకోదు, ఎందుకంటే వార్డులో అదే సూది రోజూ వేస్తున్నాడు. కాని అక్కడ వెనుక డాక్టరు ఉన్నారు. ఇక్కడ లేరు.

మొదటి రోజు జ్వరం చూస్తే మలేరియా, డెంగ్యూ, టైఫాయిడ్ ఒకేలా ఉండవచ్చు. డెంగ్యూ ఉన్నవారికి డైక్లోఫెనాక్ వంటి నొప్పి ఇంజక్షను వేస్తే రక్తస్రావం ప్రమాదం పెరుగుతుంది. మంచి మనసుతో వేసిన సూదే ప్రాణం మీదికి తేవచ్చు.

మరి ఏం చేయాలి? ఒళ్ళు తుడవండి, నీళ్ళు తాగించండి, జ్వరం ఎంతుందో చూసి రాయండి. పిల్లను ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి మీరే వెంటబెట్టుకొని వెళ్ళండి. అత్యవసరమైతే 108కి ఫోను చేయండి. ప్రథమ చికిత్సకు ఏ చట్టమూ అడ్డు రాదు.

రోగులకు మా మనవి: "మీరు డాక్టరా, అసిస్టెంటా?" అని అడగడానికి మొహమాటపడవద్దు. అసిస్టెంట్లకు మా మనవి: "నేను డాక్టరును కాను, డాక్టరు గారిని పిలుస్తాను" అని చెప్పడం చిన్నతనం కాదు. ఆ మాట చెప్పగలిగిన చేతుల్లోనే రోగి క్షేమంగా ఉంటాడు.