తెలుగు కంటెంట్‌కి కీవర్డ్స్: జనం గూగుల్‌లో కొట్టే మాటలు పట్టుకోవడం ఎలా?

చొప్పదండిలో ఒకరి ఫోన్ డిస్‌ప్లే పగిలిందనుకోండి. గూగుల్‌లో ఏమని వెతుకుతారు? "చరవాణి మరమ్మతు కేంద్రం" అని అయితే కొట్టరు కదా! "మొబైల్ రిపేర్ షాప్ చొప్పదండి" అనో, "ఫోన్ డిస్‌ప్లే మార్చడానికి ఎంత అవుతుంది" అనో కొడతారు. కొందరు ఇదే తెలుగుని ఇంగ్లీష్ అక్షరాల్లో టైప్ చేస్తారు, ఇంకొందరు మైక్ నొక్కి అడుగుతారు. ఎస్ఈఓలో కీవర్డ్ అంటే ఇదే. రాసేవాళ్లకి నచ్చిన మాట కాదు, వెతికేవాళ్లు వాడే మాట. అది మీ పేజీలో లేకపోతే షాపు అయినా, ఫోన్ రివ్యూ అయినా కావాల్సినవాళ్లకి దొరకడం కష్టం.

మాట ఎలా దొరుకుతుంది?

పైసా ఖర్చు లేని దారులు మూడున్నాయి.

1. గూగుల్‌లో సగం టైప్ చేసి ఆగండి. కింద వచ్చే సూచనలు ఎక్కువగా జనం వెతికినవాటి నుంచే వస్తాయి.
2. గూగుల్ ట్రెండ్స్‌లో "సెల్‌ఫోన్", "మొబైల్" లాంటి రెండు మాటలు పక్కపక్కన పెట్టి, తెలంగాణ వరకే పోల్చి చూడండి.
3. మీకు సైట్ ఉంటే సెర్చ్ కన్సోల్‌లో క్వెరీస్ రిపోర్ట్ తెరవండి. ఇంప్రెషన్లు ఎక్కువ ఉండి క్లిక్‌లు తక్కువ ఉన్న మాటలు చూసుకోండి. అంటే మీ పేజీ కనిపిస్తోంది కానీ ఎవరూ నొక్కట్లేదు. ముందు అక్కడ టైటిల్ మార్చి చూడండి.

ఎక్కడ పెట్టాలి?

టైటిల్‌లో, మొదటి పేరాలో, అవసరమైతే ఒక సబ్‌హెడ్డింగ్‌లో, ఫొటో ఆల్ట్ టెక్స్ట్‌లో పెడితే చాలు. లింక్‌లో తెలుగు అక్షరాలు పెట్టినా పని చేస్తుంది, కానీ కాపీ చేసి పంపితే శాతం గుర్తులతో చాంతాడంత అవుతుంది. అందుకే లింక్ వరకు ఇంగ్లీష్ అక్షరాల్లో చిన్నగా ఉంచడం మేలు. మెటా కీవర్డ్స్ ట్యాగ్ మీద మాత్రం టైమ్ పెట్టకండి. ర్యాంకింగ్‌కి దాన్ని వాడట్లేదని గూగుల్ 2009లోనే చెప్పేసింది.

అతి చేస్తే దెబ్బే

"చొప్పదండి మొబైల్ రిపేర్, గంగాధర మొబైల్ రిపేర్, రామడుగు మొబైల్ రిపేర్" అని పేజీ కింద ఊర్ల పేర్లు వరసగా పేర్చడం చూసే ఉంటారు. గూగుల్ స్పామ్ రూల్స్‌లో కీవర్డ్ స్టఫింగ్‌కి ఇచ్చిన ఉదాహరణల్లో ఇలాంటి ఊర్ల లిస్టు కూడా ఉంది. దానికి బదులు షాపు ఎక్కడుంది, ఏ కంపెనీ ఫోన్లు చేస్తారు, డిస్‌ప్లేకి ఎంత తీసుకుంటారు, ఎన్ని గంటల్లో ఇస్తారు అని రాయండి. కీవర్డ్స్ వాటంతట అవే వచ్చేస్తాయి.

తెలుగులో ఉండే చిక్కులు

మన భాషలో మాటకి విభక్తులు అతుక్కుంటాయి: బ్యాటరీకి, బ్యాటరీతో, బ్యాటరీలో. ప్రతిచోటా "బ్యాటరీ" అని విడిగా ఇరికిస్తే వాక్యం చదవబుద్ధి కాదు. ఆ అవసరం కూడా లేదు. వాక్యంలో మాటల మధ్య సంబంధాన్ని చూసే బెర్ట్ అనే పద్ధతిని గూగుల్ 2019 డిసెంబర్‌లో తెలుగు సహా 70కి పైగా భాషల సెర్చ్‌లోకి తెచ్చింది. మామూలుగా మాట్లాడినట్టు రాసేయండి.

రెండోది ఫాంట్. ఫ్లెక్సీల కోసం అను ఫాంట్‌లో కొట్టిన మ్యాటర్ యూనికోడ్ కాదు, దాన్ని సైట్‌లో పేస్ట్ చేస్తే గూగుల్‌కి తెలుగుగా కనిపించదు. ధరల లిస్టుని ఫొటోగా మాత్రమే పెట్టకండి, టెక్స్ట్‌గా కూడా టైప్ చేయండి.

మూడోది అడ్రస్. 2016లో పాత కరీంనగర్ జిల్లా విడిపోయింది. చొప్పదండి కరీంనగర్‌లోనే ఉంది కానీ జగిత్యాల, పెద్దపల్లి, సిరిసిల్ల వేరే జిల్లాలకి వెళ్లాయి. అక్కడి షాపు పేజీలో ఇంకా పాత జిల్లా పేరే ఉంటే ఈరోజే మార్చండి.

ఇక మీ పాత రివ్యూల్లో ఒకటి తీసుకోండి. ఆ ఫోన్ కొనాలనుకునే ఫ్రెండ్ ఏమని అడుగుతాడో ఆ ప్రశ్నని టైటిల్‌లోకి తెచ్చి, జవాబు మొదటి పేరాలోనే ఇచ్చేయండి. కొన్ని వారాలాగి సెర్చ్ కన్సోల్‌లో క్లిక్‌లు పోల్చి చూస్తే తేడా వచ్చిందో లేదో తెలిసిపోతుంది.