రఫ్ఫు ఉన్ని పురుగు

ఒక చిన్న గాలపుముల్లు, దానిపై చుట్టిన సన్నని రాగితీగ, ఆ తీగను కప్పుచు మేజోళ్ళ చిరుగులను రఫ్ఫు చేయుటకు దుకాణములలో అమ్ముచుండిన ఉన్నిదారము: ఈ యంత్రమునందలి భాగములన్నియు ఇవియే. దీనికి తోక లేదు, ఱెక్క లేదు, ఈక లేదు, తుదకు అన్నింటిని బిగించి కట్టుటకు వలసిన పట్టుదారము సైతము లేదు. ఆ పనిని రాగితీగయే నిర్వహించును. దీనిని యంత్రమనుట అతిశయోక్తిగా కొందఱకు తోచవచ్చును గాని, లోహసాంద్రతను, కాంతి వక్రీభవనమును, చేప కంటి చూపును, దాని యాకలిని లెక్కలోనికి తీసికొని నియతమైన యొక కార్యమును సాధించుటకై నిర్మింపబడిన వస్తువును మఱేమని పిలువవలయును? ఇంగ్లండు దక్షిణభాగమున విల్ట్‌షైర్ మండలములో ఏవన్ నది యెగువ భాగమునకు కావలివాడుగా నుండిన ఫ్రాంక్ సాయర్ దీనిని కల్పించెను. దీనికి కిల్లర్ బగ్ అను బిరుదు నిచ్చినవాడు అమెరికా వేటగాండ్రలో ప్రసిద్ధుడైన లీ వుల్ఫ్ అని చెప్పుదురు.

మన చెఱువుగట్లపై గాలము వేయువాడు ముల్లునకు ఎఱ్ఱను గ్రుచ్చి, బెండు కట్టి, నిదానముగా కూర్చుండును. ఎర వాసనయు రుచియు చేపను పిలుచుకొని వచ్చును. కృత్రిమకీటకముతో చేయు ఈగగాలపు వేటయందు ఆ సౌలభ్యము లేదు. ముల్లుపై నున్నది తినదగినది కాదు గనుక, చేప దానిని నోట పట్టి, మోసమును గ్రహించి ఉమిసివేయుటకు ముందే, ఆ స్వల్పక్షణములోనే, వేటగాడు కఱ్ఱను పైకెత్తవలయును. ఆ కృత్రిమకీటకమునకు దూరముగా పోవుటకు తగిన బరువును లేదు. కావున దారమునే బరువుగా చేసి, కొరడావలె వెనుకకును ముందునకును ఝుళిపించి, దాని వేగముతో ముల్లును కోరిన చోట వ్రాల్పవలయును.

ఉన్నిని ముల్లునకు చుట్టుట సాయర్ బుద్ధియందు క్రొత్తగా పుట్టినది కాదు. క్రీస్తుశకము 200 ప్రాంతమున జీవించిన ఏలియన్ అను రోమక రచయిత, జంతుస్వభావములను గూర్చి గ్రీకుభాషలో రచించిన గ్రంథమున, మాసిడోనియాలో బెరోయా, థెస్సలొనీకా పట్టణముల నడుమ ప్రవహించు ఆస్ట్రేయస్ అను నదిని, అందలి చుక్కల చేపలను, వానిని పట్టు జనుల నేర్పును వర్ణించి యున్నాడు. ఆ చేపలు నీటిపై వ్రాలు ఒకానొక ఈగను ఆశించునట. కాని మనిషి చేయి తాకిన మాత్రమున ఆ ఈగ వన్నె చెడి, ఱెక్కలు వాడి, ఎరగా పనికిరాకుండ పోవునట. అందుచే వారు ముల్లునకు ఎఱ్ఱని ఉన్నిని చుట్టి, కోడిపుంజు గడ్డము క్రింద పెరుగు మైనపు రంగు ఈకలు రెండింటిని దానికి అమర్చి, ఆరడుగుల కఱ్ఱతోను, అంతియే పొడవుగల దారముతోను వేటాడుచుండిరి. 1496లో వెస్ట్‌మినిస్టరున అచ్చయిన గాలపువేట గ్రంథము పన్నెండు ఈగల కట్టుబడిని చెప్పుచున్నది. వానిలో పెక్కింటికి శరీరము ఉన్నియే. గొఱ్ఱెలు మేయు దేశములలో చేతికందిన వస్తువు అది; అంతకు మించిన రహస్యమేదియు వెదకనక్కఱలేదు.

పందొమ్మిదవ శతాబ్ది చివర ఇంగ్లండున ఈ సాదాతనమునకు గొప్ప విఘ్నము కలిగెను. ఫ్రెడరిక్ హాల్ఫోర్డ్ అను ధనికుడు, నీటిపై తేలు ఱెక్కల యీగను అంగాంగమును అనుకరించి, చేప పైకి వచ్చి నిజమైన యీగను మ్రింగుట కన్నులార చూచిన పిదపనే, దాని యెగువకు విసరవలయునను నియమమును ఒక మతముగా స్థాపించెను. దానికి ఎదురు నిలిచినవాడు జి.ఇ.ఎం. స్క్యూస్ అను న్యాయవాది. పట్టిన ట్రౌట్ చేపల జీర్ణకోశములోని పదార్థమును ఎముకల నుండి మూలుగను తీయు సన్నని గరిటెతో తోడి పరీక్షింపగా, ఱెక్కలు వచ్చి నీటిపై తేలిన యీగలకంటె, ఇంకను నీటియందే ఈదులాడు బాల్యదశలోని నింఫులే వానిలో మిక్కుటముగా కనబడెను. 1910లో ప్రకటించిన గ్రంథముతో ఆయన మొదలిడిన వివాదము, 1938లో లండను ఫ్లైఫిషర్స్ క్లబ్బున బహిరంగ వాదముగా జరుగునంతవఱకు చల్లాఱలేదు. చేప ఏమి తినుచున్నదో దాని కడుపునే అడిగిన స్క్యూస్ పక్షమునకే నా మనస్సు మ్రొగ్గును.

సాయర్ 1906లో ఏవన్ ఒడ్డుననే, బుల్ఫర్డ్ గ్రామమున జన్మించెను. 1928 నుండి సైనికాధికారుల వేటసంఘము కొలువున నెదరేవన్ కేంద్రముగా సుమారు ఆఱు మైళ్ళ నదిని కాపాడెను. తఱువాతి కాలమున ఆ సంఘము తన పేరునందే తేలు ఈగను నిలుపుకొన్నది. అట్టి సంఘపు కావలివాడే మునుగు పురుగులకు ప్రపంచఖ్యాతి తెచ్చుట విధి యొక్క పరిహాసము. అలహాబాదు హైకోర్టున ప్రధాన న్యాయమూర్తిగా పనిచేసి విశ్రాంతి గొన్న సర్ గ్రిమ్‌వుడ్ మియర్స్ ఆ యేటిగట్టున అతనికి మిత్రుడయ్యెను. వయోవృద్ధుడైన స్క్యూస్ అతనిని వ్రాయుమని ప్రోత్సహించెను. మేఘము పట్టినను ఎండ కాసినను ఏటిగట్టుననే దినమంతయు గడుపు మనుష్యునకు గల చూపు ఏ పండితునకును గలుగనేరదని ఆ యిద్దఱును గుర్తించిరి గాబోలు.

ఏవన్ సుద్దనేల ఏఱు. సుద్దకొండలపై కురిసిన వాన భూమిలోనికి ఇంకి, రాతిపొరలలో చాలకాలము నిలిచి, సుమారు 10, 11 డిగ్రీల సెల్సియస్ శైత్యముతో, స్ఫటికనిర్మలమై, సున్నపు లవణములను కరగించుకొని ఊటలుగా వెలికి వచ్చును. ఆ సున్నము వలన గామరస్ అను మంచినీటి రొయ్యలు పెంకు గట్టిపడి అపారముగా వృద్ధి పొందును. వానిని తిని చేపలు బలియును. ఆ చేపలలో గ్రేలింగ్ అనునది యొకటి. ఎత్తైన వెన్నువాజము గల ఈ సుందరమైన చేప, ట్రౌట్ చేపల గ్రాసమునకు పోటీ యగునను తలంపుతో, ఆ నదులయందు చిరకాలము కలుపుమొక్కగా ఎంచబడెను. దానిని ఏరి తీసివేయుట కావలివాని విధులలో నొకటి. ట్రౌట్ ఋతువు ముగిసిన శరత్కాలమున, నీటి అడుగున మేయుచున్న గ్రేలింగ్‌లను త్వరత్వరగా పట్టుటకు ఒక సాధనము కావలసి వచ్చి, సాయర్ రొయ్యను అనుకరింప పూనుకొనెను. కాబట్టి ఈ పురుగు వినోదమునకై కాక, కొలువు పనికై పుట్టినది. దాని యలంకారహీనతకు మూలము బహుశః అదియే.

అతడు ఎన్నుకొన్న ఉన్ని చాడ్విక్ వారి 477 సంఖ్యగల రఫ్ఫుదారము. అట్టముక్కలకు చుట్టి అమ్మబడు ఆ దారమున ఉన్నితోపాటు కొంత నైలానును కలసియుండెను. పొడిగా నున్నపుడు అది బూడిదవన్నె కలసిన లేత గోధుమరంగు. సామాన్యునకు చూడనే బుద్ధి పుట్టనిది. నీట తడిసినంతనే అందు గులాబిఛాయ పొడసూపి, రాగి మెఱుపు లోనుండి తొంగిచూచును. ఈ మార్పునకు కారణము సుబోధకమే. ఉన్నిపోగులోని కెరటిన్‌కు వక్రీభవన గుణకము సుమారు 1.55, గాలికి 1, నీటికి 1.33. పొడిదారమున పోగుల నడుమ గాలి యుండుటచే ప్రతి పోగు అంచునను వెలుగు చెదరి, వెనుకకు మరలి, దారము పాలిపోయినట్లు తోచును. గాలి స్థానమున నీరు చేరగానే రెండు గుణకములును దగ్గఱపడి, చెదరుట తగ్గి, వెలుగు లోనికి చొచ్చి, రాగిని తాకి, ఎఱ్ఱదనమును మోసికొని తిరిగి వచ్చును. జీవించియున్న రొయ్య శరీరమును ఇట్లే అర్ధపారదర్శకము. రంగు పూసిన పురుగునకు పైపై వన్నెయే గలదు. దీనికి లోవెలుగు గలదు.

నీటిపై తేలు ఈగకు ఈ గుణము అంతగా నక్కఱలేదు. నీటినుండి పైకి చూచు చేపకు బాహ్యప్రపంచమంతయు సుమారు 97 డిగ్రీల శంకువులోనికి కుదించుకొని కనబడును. దానికి వెలుపల నీటి ఉపరితలము అద్దమై ఏటి అడుగునే ప్రతిబింబించును. ఆ గవాక్షమున తేలు ఈగ ఆకాశకాంతికి అడ్డుపడిన నల్లని ఛాయ మాత్రమే కావచ్చును. మునిగిన పురుగో, చేప కన్నులయెదుటనే, ప్రక్కనుండి పడు వెలుగులో, తన వన్నెను దాచుకొను వీలు లేక కొట్టుకొని వచ్చును. గామరస్‌లను గూర్చి ఇచట ఒక వింతను చెప్పవలసియున్నది. ముండ్లతల గల ఒక పరాన్నజీవి పురుగు ఆ రొయ్యలలో చేరి, వాని దేహమున నారింజరంగు చుక్కగా బయటికి కనబడుటయే గాక, చీకటిని కోరు వాని స్వభావమును మార్చి, వెలుగున ప్రవాహమునకు లోబడునట్లు చేయును. చేప కడుపున చేరినగాని ఆ పురుగునకు జీవితచక్రము పూర్తి గాదు. తన వాహనమును ఎరగా అలంకరించు విద్యయందు మనుష్యునకంటె అదియే ముందు పుట్టినది.

ఇక బరువు మాట. ఉన్ని సాంద్రత 1.3 మాత్రమే, దాని పొలుసులలో చిక్కిన గాలి తొలుత తేలించుటకే ప్రయత్నించును. అందుచే వేటగాడు పురుగును నీట ముంచి వ్రేళ్ళతో పిండి, గాలిని వెడలగొట్టును. పిదప 8.9 సాంద్రతగల రాగి తన పని తాను చేయును. ఈకలును తోకయు లేని నున్నని దేహమును ప్రవాహము అంతగా అడ్డగింపజాలదు. ఎగువకు విసరి, పురుగు చేపయున్న లోతునకు దిగిన పిమ్మట, అది చేపను సమీపించునపుడు కఱ్ఱకొనను మెల్లగా పైకెత్తినచో, పారిపోవుచున్న ప్రాణివలె అది లేచును. చేప ఆలోచింపక పట్టును. ఈ కిటుకును సాయర్ అభ్యసింపగా, నెదరేవన్ గ్రామముననే నివసించిన ఆలివర్ కైట్ దానిని లోకమున వ్యాపింపజేసెను. కైట్ మఱియొక అడుగు ముందునకు వేసి, ఉన్నియు ఈకయు లేక, వట్టి ముల్లుపై రాగితీగ మాత్రమే చుట్టి చేపలను పట్టి చూపెను. ఈ నిదర్శనము తఱువాత, వన్నెకంటె మునుగుటయు లేచుటయు ముఖ్యములని నేను నమ్ముచున్నాను. కాని ఉన్నియొక్క విలువ శూన్యమని మాత్రము అనజాలను. వట్టి రాగిని త్వరగా విడుచు చేప, మెత్తని ఉన్నిని ఒక క్షణము ఎక్కువ పట్టియుంచు నేమో.

1960ల దశకమున ఆ రఫ్ఫుదారపు తయారీ నిలిచిపోయెను. నైలాను మేజోళ్ళు చవుకై, చిరిగినవానిని కుట్టుకొనువారే తగ్గిన కాలమది. ఏటిగట్టున కొందఱు విలపించుచున్నారని మిల్లులు తలచుకొనునా? నాటినుండి 477 అట్టలు పాత సామాను దుకాణములలో వెదకబడి, వేలములలో వింతధరలు పలికినవి. సాయర్ 1980లో మరణించెను. అతని పురుగు మాత్రము క్రొత్త వేషములతో సాగుచునే యున్నది. అమెరికాలోని యూటా రాష్ట్రమున, చక్రము లేని జపాను తెన్కర కఱ్ఱలతో కొండయేళ్ళలో వేటాడువారు, స్కాట్లండునకు ఉత్తరమునగల షెట్లండు ద్వీపముల ఉన్నిలో ముత్యపుచిప్ప పేరుగల ఛాయను ఎన్నుకొని, దానితోనే పని నడుపుచున్నారు. ఇట్టి ప్రత్యామ్నాయమును వెదకువాడు దుకాణపు దీపముక్రింద దారమును దారముతో సరిచూచినచో మోసపోవును. రాగితీగ చుట్టిన ముల్లుపై నాలుగు చుట్లు వేసి, గాజుగ్లాసు నీటిలో ముంచి, కిటికీ వెలుగునకు ఎదురుగా పట్టి చూడవలయును.