పాలియేటివ్ కేర్ ఎప్పుడు మొదలవ్వాలి?

మన దగ్గర 'పాలియేటివ్ కేర్' అనే మాట వినగానే ఇంట్లోవాళ్ళ మొహాలు వాడిపోతాయి. 'ఇక మా చేతుల్లో ఏం లేదు, ఇంటికి తీసుకెళ్ళిపోండి' అని డాక్టర్ అన్నట్టే వినిపిస్తుంది. నిజానికి నొప్పి, ఆయాసం, వాంతులు, నిద్రలేమి, భయం, ఇంటివాళ్ళ బెంగ.. వీటన్నిటినీ చూసుకునే వైద్యం అది. కీమోతో పాటే నడుస్తుంది.

బోస్టన్‌లోని మసాచుసెట్స్ జనరల్ హాస్పిటల్‌లో డాక్టర్ జెన్నిఫర్ టెమెల్ బృందం చేసిన ట్రయల్ 2010లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో వచ్చింది. ఊపిరితిత్తుల క్యాన్సర్ వేరే భాగాలకు కూడా పాకిందని కొత్తగా తేలిన 151 మందిని లాటరీ తీసినట్టు రెండు గుంపులు చేశారు. మొదటి గుంపుకి మామూలు క్యాన్సర్ వైద్యం. రెండో గుంపుకి అదే వైద్యం, దాంతోపాటు మొదట్నుంచీ నెలకోసారైనా పాలియేటివ్ టీమ్‌ని కలవడం.

12 వారాలకి రెండో గుంపు వాళ్ళ జీవన నాణ్యత మెరుగ్గా ఉంది. డిప్రెషన్ లక్షణాలు మొదటి గుంపులో 38 శాతం మందికి ఉంటే, వీళ్ళలో 16 శాతానికే. చనిపోయేముందు 14 రోజుల్లో కూడా కీమో ఎక్కించడం, హాస్పిస్‌కి అసలు వెళ్ళకపోవడం, లేదా మరీ ఆఖరి మూడు రోజుల్లో వెళ్ళడం లాంటివాటిని 'దూకుడు వైద్యం' అని లెక్కేశారు. అది మొదటి గుంపులో 54 శాతం, రెండో గుంపులో 33 శాతం. దూకుడు తగ్గితే మనిషి త్వరగా పోతాడనుకుంటాం కదా? మీడియన్ ఆయుష్షు మొదటి గుంపుకి 8.9 నెలలు, రెండో గుంపుకి 11.6. అంకెలు తారుమారయ్యాయేమోనని నేను రెండుసార్లు చూసుకున్నా.

అలాగని 'ఆయుష్షు పెంచే వైద్యం' అంటూ వాట్సాప్‌లో ఫార్వర్డ్ చేసేయకండి. అది ఒక్క హాస్పిటల్, ఒక్క రకం క్యాన్సర్. పైగా వాళ్ళు ముఖ్యంగా కొలవాలనుకున్నది జీవన నాణ్యతని. నన్ను ఎక్కువగా ఆలోచింపజేసింది హాస్పిటల్ చుట్టూ తిరిగే సంగతి.

మా పెదనాన్నని ఆఖరి నెలలో మూడుసార్లు అర్ధరాత్రి అంబులెన్స్ ఎక్కించాం. రెండుసార్లు నొప్పి, ఒకసారి ఆయాసం. క్యాన్సర్‌కి అక్కడ కొత్తగా చేసిందేం లేదు. నొప్పి తగ్గాక ఇంటికి పంపేవాళ్ళు, అంతే. పాలియేటివ్ టీమ్ ముందే ఉంటే ఆ రాత్రి కోసం పగలే ప్లాన్ చేస్తుంది: నొప్పి ఒక్కసారిగా పెరిగితే మార్ఫిన్ అదనపు డోసు ఎంత, ఎన్ని గంటలకోసారి, దానివల్ల వచ్చే మలబద్ధకానికి మందేమిటి, ఎవరికి ఫోన్ చెయ్యాలి. ఈ ప్రశ్నలు రిపోర్టు చేతికొచ్చిన వారంలోనే అడగొచ్చు. కీమో ఆపేదాకా ఆగక్కర్లేదు.

మన దేశంలో ఇంకో చిక్కుంది. 1985 నాటి ఎన్‌డీపీఎస్ చట్టం మార్ఫిన్‌ని ఎంత బిగించిందంటే, లైసెన్సుల గోల పడలేక చాలా హాస్పిటళ్ళు దాన్ని తెప్పించుకోవడమే మానేశాయి. 2014 సవరణతో ఆ ముడి కొంత వదులైంది. హైదరాబాద్‌లో ప్రభుత్వ ఎం.ఎన్.జె. క్యాన్సర్ హాస్పిటల్‌లో పాలియేటివ్ విభాగం ఉంది. మీ ఊళ్ళో ఎవరికైనా పనికొస్తే చెప్పండి.