బొమ్మ పందెపు కారు

శ్రోతలలో తల్లిదండ్రులైనవారికి ఈ బొమ్మ పరిచితమే. ఇంజను లేదు, కీ లేదు. ఏటవాలు పట్టామీద విడిచిన మాత్రమున దూసుకుపోవును. నిలిచియున్నప్పుడు సైతము పరుగెత్తుచున్నట్లే తోచును. ఈ రెండు గుణములకు మూలములు వేరని మేము చెప్పదలచితిమి.

అమెరికాలో మాటెల్ సంస్థ 1968లో 'హాట్ వీల్స్' పేర 16 కార్లను వెలువరించెను. వాటిలో పెక్కింటికి రూపములు దిద్దిన హ్యారీ బ్రాడ్లీ అంతకుముందు జనరల్ మోటార్స్‌లో నిజమైన కార్లకు దిద్దినవాడు. నిజపు కారును ఉన్నదున్నట్లు 64వ వంతుకు కుదించినచో అది చప్పగా కనబడును. అందుచేత పెక్కింటికి వెనుక చక్రములను పెద్దవి చేసి, ముక్కును నేలకు వంచిరి. దుముకబోవు పిల్లి భంగిమ అదియే!

ఇది కంటికి. పరుగు మాత్రము ఇరుసులో నున్నది. అది సన్నని ఉక్కుతీగ; నునుపైన ప్లాస్టిక్కులో తిరుగును. ఒరిపిడి అంతే యున్నను, ఇరుసు సన్నబడిన కొలది అది చక్రమును ఆపగల శక్తి తగ్గును. బావి గిలకకు లావు ఇరుసు వేసి చూడుడు, చేద బరువెక్కినట్లుండును.

ఇంగ్లండులో లెస్నీ వారి మాచ్‌బాక్స్ కార్లు పోలికలో మేలైనవని మా అభిప్రాయము. కాని పట్టామీద వెనుకబడినవి. 1969లో వారును 'సూపర్‌ఫాస్ట్' పేర సన్న ఇరుసులకు మారవలసివచ్చెను. అచ్చులను, యంత్రములను మార్చుట చౌకపని కాదు. ఇతర కారణములును తోడై 1982లో లెస్నీ దివాలా తీసెను. 1997లో మాచ్‌బాక్స్ పేరు మాటెల్ చేతికే చేరెను.