రెండు పొయ్యిల మీదే ఎనిమిది వంటలు

రియాద్‌కి ఆగ్నేయంగా సుమారు 80 కిలోమీటర్ల దూరంలో ఉన్న అల్ ఖర్జ్ నుంచి మాట్లాడుతున్నాను. ఎడారిలో వేల ఆవులతో నడిచే డైరీ ఫారాలకి పేరున్న ఊరిది. అలాంటి ఒక ఫారంలో కంప్యూటర్లు చూసుకోవడం నా పని. మీ పిల్లలు "మా ల్యాప్‌టాప్‌లో ఎనిమిది కోర్లు" అంటుంటారు కదా, ఆ ఎనిమిదింటికీ పని ఎవరు పంచుతారన్నది ఇవాళ్టి ముచ్చట.

ఏ ఆవు ఎన్ని లీటర్లిచ్చిందో రాత్రికి లెక్కగట్టి, తెల్లారేసరికి దాణా లిస్టు ఇచ్చే ప్రోగ్రాం మాది. నాలుగు కోర్ల పాత మెషీను పోయి ఎనిమిది కోర్లది వచ్చింది. సగం టైములో అయిపోతుందని మేనేజరుకి నేనే గొప్పగా చెప్పాను. వారం గడిచినా తేడా లేదు. ఈలోగా ఆవులు పెరిగి లిస్టు ఇంకా ఆలస్యమైంది. దాణా బండి నడిపే కరీంనగర్ తమ్ముడు ఫోను చేశాడు: "అన్నా, లిస్టింక రాలే, ఆవులు ఒర్లుతున్నయ్."

లినక్స్‌లో చూస్తే రెండు కోర్లు నూటికి నూరు శాతం పనిలో ఉన్నాయి. ఆరు ఖాళీ!

మన బ్యాచిలర్ రూము వంటిల్లే అనుకోండి. కోరు అంటే పొయ్యి, థ్రెడ్ అంటే ఒక వంట. ఏ వంట ఏ పొయ్యి మీద, ఎంతసేపు అని తేల్చేది షెడ్యూలర్. లినక్స్ 2.4 రోజుల్లో పొయ్యిలన్నిటికీ ఒకటే వరస, దానికి ఒకటే తాళం. ఒకరు వరస చూస్తుంటే మిగతావాళ్ళు నిలబడాల్సిందే. 2003 డిసెంబరులో వచ్చిన 2.6తో పొయ్యికో వరస అయింది.

మరి ఒక వరస పెరిగి, పక్క పొయ్యి ఖాళీగా ఉంటే? ఖాళీ అయినది పక్కవాళ్ళ వంట లాక్కుంటుంది. కానీ పోపుల డబ్బా, కాగిన మూకుడు పాత పొయ్యి దగ్గరే ఉండిపోతాయి. కోరు పక్కనుండే ఆ చిన్న మెమరీని క్యాష్ అంటారు. అందులో దొరకనిది అసలు మెమరీ నుంచి తేవాలంటే వంద రెట్ల దాకా ఆలస్యం. అందుకే షెడ్యూలర్ ఊరికే వంటలు మార్చదు.

ముందు నేను దాన్నే అనుమానించాను. అనుమానానికి ఆధారం లేకపోలేదు. 2016లో కొందరు పరిశోధకులు 64 కోర్ల మెషీనులో థ్రెడ్లు వరసలో ఎదురుచూస్తుంటే కొన్ని కోర్లు ఖాళీగా ఉండటం పట్టుకున్నారు. షెడ్యూలర్ కోర్లని గుంపులుగా చేసి, సగటు బరువు చూస్తోంది. గుంపులో ఒక్క బరువైన పని ఉంటే సగటు పెరిగి, అదే గుంపులోని ఖాళీ కోర్లు కనబడకుండా పోయాయి. సగటుకి బదులు గుంపులో అతి తక్కువ బరువున్న కోరుని పోల్చి చూడమని వాళ్ళ సవరణ.

మా దగ్గర జరిగింది అంత గొప్పదేం కాదు లెండి. పాత మెషీనులో డేటాబేసుకి రెండు కోర్లు వదిలేసి, మా ప్రోగ్రాంని మిగతా రెండింటికి టాస్క్‌సెట్ కమాండుతో కట్టేసింది నేనే. ఆ లైను కొత్త మెషీనుకి కూడా అలాగే వచ్చేసింది. అలా కట్టేస్తే ఎన్ని ఖాళీగా ఉన్నా షెడ్యూలర్ ఆ పనిని అటు పంపదు.

లైను తీసేశాక టైము మూడోవంతుకి దిగింది. నాలుగోవంతుకి దిగలేదు, ఎందుకంటే చివర్లో లెక్కలన్నీ కలిపి రాసేది ఒక్క థ్రెడ్డే. ఇప్పుడు ఫజర్ నమాజుకి ముందే లిస్టు బండి దగ్గరుంటోంది. మేనేజరుకి మాత్రం ఆ లైను సంగతి ఇంకా చెప్పలేదు. ఉంటాను, నమస్కారం.