ఒక పుటలో నింకొక పుట

తోలుబొమ్మలాటలో తెర యొక్కటే. దానిపై బొమ్మలు మాత్రము మారుచుండును. ఏకపుట జాల అనువర్తన మనునదియు నిట్టిదే. సామాన్యముగా మనమొక లంకెను నొక్కగానే బ్రౌజరు పాతపుటను విడిచి, సర్వరునుండి క్రొత్తపుటను దెచ్చుకొనును. ఏకపుట అనువర్తనమందు మొదట వచ్చిన పుటయే కడవరకు నిలిచియుండును. జావాస్క్రిప్టు దానిలోని భాగములను మాత్రము మార్చుచుండును.

ఈ పద్ధతి యొక్కనాట బుట్టినది కాదు. 1989 లో టిమ్ బెర్నర్స్‌లీ సెర్న్ పరిశోధనాలయమున జాలమును ప్రతిపాదించెను. 1999 లో వెలువడిన మైక్రోసాఫ్టువారి ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరరు 5 నందు, పుటను విడువకయే సర్వరునుండి సమాచారము రప్పించు సాధన ముండెను. 2005 లో జెస్సీ జేమ్స్ గారెట్ ఇట్టి పద్ధతికి 'అజాక్స్' అని పేరిడెను. నేడు 'ఫెచ్' అను సాధన మీ పనిని మిక్కిలి సులభము చేసినది.

ఒక పాఠశాల నియమావళియో, ఒక గ్రంథాలయ సహాయపుటయో హెచ్.టి.ఎమ్.ఎల్. లో నిదివరకే వ్రాయబడి యున్నదనుకొందము. దానిని మరల వ్రాయక, యున్నదున్నట్లు క్రొత్త అనువర్తనమున జూపుట యెట్లు? ఇందుకు మూడు మెట్లు గలవు. ఫెచ్ చేత నా పుటను రప్పింపవలెను. వచ్చినదానిని అక్షరరూపమున గైకొనవలెను. పిమ్మట దానిని తెరపై నొక ఖాళీస్థలమున నింపవలెను. ఈ కడపటి పనికి 'ఇన్నర్ హెచ్.టి.ఎమ్.ఎల్.' అను గుణము తోడ్పడును.

అయితే యిందు జాగ్రత్తపడవలసిన విషయములు కొన్ని గలవు.

మొదటిది: కోరిన పుట లేదని సర్వరు 404 అను సంఖ్యను బంపినను, ఫెచ్ దానిని వైఫల్యముగా నెంచదు. ప్రత్యుత్తరము సరియైనదో కాదో మనమే పరీక్షింపవలెను. కొన్ని సర్వరులు తెలియని చిరునామా లన్నిటికిని అనువర్తనపు మొదటిపుటనే యిచ్చును. అప్పుడు పుటలో నదేపుట మరల గనబడి చూపరులకు వింతగొల్పును.

రెండవది: తెచ్చిన పుటలోని బొమ్మల దారులు దాని స్వస్థానమునుండి కాక, ప్రధానపుట చిరునామానుండి లెక్కింపబడును. కావున బొమ్మలు కానరాకపోవచ్చును. మూలమునుండి సంపూర్ణమైన దారి వ్రాసినచో నీ చిక్కు తీరును.

మూడవది మిక్కిలి ముఖ్యము. ఈ రీతిని నింపిన భాగములోని స్క్రిప్టు నడువదు. కాని యింతమాత్రమున క్షేమమని తలపరాదు. బొమ్మ రాకున్నచో నొక యాజ్ఞ నడుపుమని బొమ్మగుర్తులోనే వ్రాయవచ్చును, అది నడుచును. దానిచే చదువరి రహస్యములు దొంగిలింపబడవచ్చును. మనము వ్రాయని పుటను 'డామ్ ప్యూరిఫై' వంటి శోధకముచే శుద్ధిచేసిన పిదపనే తెరపై నుంచవలెను.

నాలుగవది: భాగము మారినను బ్రౌజరు దానంతట శీర్షికను మార్చదు. తెరను జదివి వినిపించు యంత్రముపై నాధారపడు అంధుడు, క్రొత్త విషయము వచ్చినదనియే యెరుగకుండును. శీర్షికను మార్చి, క్రొత్త భాగముయొక్క తలకట్టునకు దృష్టిని మరలించుట మన విధి.

విద్యార్థులారా, ఒక పుట తనంతట దాను చదువదగినదైనచో, దానికొక సామాన్యమైన లంకె యిచ్చుటయే చాలును. తెర మారకుండ నుంచుట యందముకొరకు; చదువరికి విషయము క్షేమముగా నందుటయే ప్రధానము.