తాగుడు మాన్పించే ఇళ్ళు



ఆ మధ్య నేను అమెరికాలో మా పెద్దమ్మాయి దగ్గర ఉండగా వాళ్ళు ఇల్లు మారారు. పాత సోఫా, పిల్లవాడి మంచం, రెండు అట్టపెట్టెల గిన్నెలు మిగిలిపోయాయి. అమ్మితే ఎంతొస్తుందా అని నేను లెక్కలు కడుతూంటే అమ్మాయి నవ్వి, "సాల్వేషన్ ఆర్మీకి ఫోను చేశానమ్మా, లారీ పంపిస్తారు" అంది. మర్నాడు ఇద్దరు మనుషులు వచ్చారు. అందులో పెద్దాయనకి మంచినీళ్ళిస్తే తాగి, గ్లాసు తిరిగిస్తూ, "ఇవాళ్టికి నూటపన్నెండో రోజండీ" అన్నాడు. నాకు అర్థం కాలేదు. ఆయన వెళ్ళాక అమ్మాయి చెప్పింది. తాగుడు మానడానికి వాళ్ళ ఆశ్రమంలాంటి ఇంట్లో చేరాడట, అక్కడివాళ్ళు మానిన రోజులు అలా లెక్కపెట్టుకుంటారట.

అదేం ఇల్లో తెలుసుకోవాలనిపించింది. వచ్చేలోగా నలుగురిని అడిగి, కొంత చదివి తెలుసుకున్నదే ఇవాళ మీతో చెప్తున్నాను.

మనం ఇచ్చిన పాత సామాను బాగుచేసి వాళ్ళ దుకాణాల్లో అమ్ముతారు. ఆ డబ్బుతో ఆ ఇళ్ళు నడుస్తాయి. చేరినవాళ్ళ దగ్గర ఫీజు పుచ్చుకోరు. మంచం, భోజనం, బట్టలు వాళ్ళవే. ఉండేది మామూలుగా ఆరు నెలలు. పొద్దున్నే లేవాలి, పక్క సర్దుకోవాలి, ప్రార్థనకి కూర్చోవాలి. పగలు పని: సామాను మొయ్యడం, బట్టలు వేరు చెయ్యడం. సాయంత్రం సలహాదారుతో మాటలు, నలుగురూ కూర్చుని ఎవరి కథ వాళ్ళు చెప్పుకోవడం. ఆదివారం చర్చి. టీన్ ఛాలెంజ్ అని మరో సంస్థ ఉంది. 1958లో డేవిడ్ విల్కర్సన్ అనే పాదిరీ పెన్సిల్వేనియా పల్లెనుంచి న్యూయార్క్ వెళ్ళి, వీధుల్లో కుర్రకారు మధ్య పని మొదలుపెట్టాడు. దాన్నుంచి పుట్టింది అది. అక్కడ ఏడాది దాకా ఉంచుకుంటారు, బైబిలు చదువు పాలు ఎక్కువ.

మరి ఇంట్లో ఉండి మానకూడదా అంటారేమో. మానినవాళ్ళూ ఉన్నారు. కానీ తాగుడు ఒక్క సీసాలోనే ఉండదమ్మా. జీతం అందిన సాయంత్రంలో ఉంటుంది, వీధి మలుపులో ఉంటుంది, "రారా, ఒక్కటే" అనే స్నేహితుడి గొంతులో ఉంటుంది. వాటన్నిటినుంచీ మనిషిని కొన్నాళ్ళు విడదీసి, వేళకి తిండీ వేళకి నిద్రా అలవాటు చేస్తారు. ఇక ఇల్లే లేనివాడి సంగతి చూడండి. ఫుట్‌పాత్ మీద పడుకునేవాడికి మాత్రలిచ్చి మూడు పూటలా వేసుకోమంటే ఎక్కడ దాచుకుంటాడు? ముందు పడుకోవడానికి చోటు దొరకాలి.

ఈ పద్ధతి నిన్నమొన్నటిది కాదు. న్యూయార్క్‌లో జెర్రీ మెకాలే అని ఒకప్పటి దొంగ, తాగుబోతు. సింగ్‌సింగ్ జైల్లో ఏళ్ళతరబడి ఉండి 1864లో బయటపడ్డాడు. జైల్లోనే దేవుణ్ణి నమ్మినా, బయటికొచ్చాక మళ్ళీ తాగుడులో పడ్డాడు, ఒకసారి కాదు. చివరికి 1872లో అతనూ భార్య మరియా కలిసి వాటర్ స్ట్రీట్‌లో దిక్కులేనివాళ్ళకోసం తలుపులు తెరిచారు. మరియా కూడా ఒకప్పుడు తాగినావిడే. 1884లో భర్త పోయినా ఆవిడ ఆ పని వదలలేదు.

నాకు బాగా నచ్చిన కథ మాత్రం లండన్‌ది. అక్కడ 1865లో విలియం బూత్, ఆయన భార్య కేథరిన్ మొదలుపెట్టిన సంఘమే తర్వాత సాల్వేషన్ ఆర్మీ అయింది. వైట్‌చాపెల్ పేటలో వాళ్ళ సంఘంలోని కాట్రిల్ అనే ఆవిడ, వీధిన పడ్డ ఆడపిల్లల్ని తన ఇంటికే తీసుకొచ్చి పడుకోబెట్టేది. సొంత సంసారమున్న ఇల్లే. చోటు చాలకపోతే 1884లో హాన్‌బరీ స్ట్రీట్‌లో వేరే ఇల్లు తీసుకున్నారు. అంత పెద్ద సంస్థ స్త్రీలకోసం చేసిన పనికి మొదలు ఒక గృహిణి వంటిల్లన్నమాట.

అన్నీ మంచి మాటలే చెప్తే మీకు అన్యాయం చేసినదాన్నవుతాను. మొదటిది, వైద్యం. ఏళ్ళతరబడి బాగా తాగినవాడు హఠాత్తుగా మానేస్తే, రెండుమూడు రోజుల్లో వణుకు, ఫిట్సు, లేనివి కనిపించడం రావచ్చు. డాక్టరు దగ్గర లేకపోతే ప్రాణమే పోవచ్చు. దానికి ప్రార్థన ఒక్కటే చాలదు. హెరాయిన్‌లాంటి వాటి సంగతి ఇంకోలా ఉంటుంది. కొన్నాళ్ళు మానినవాడి ఒంటికి పాత మోతాదు తట్టుకునే శక్తి పోతుంది. బయటికొచ్చి మళ్ళీ అంతే తీసుకుంటే చచ్చిపోతాడు. మెథడోన్, బుప్రెనార్ఫిన్ అనే మందులు ఈ చావుల్ని తగ్గిస్తాయని వైద్యులంటారు. కొన్ని మతసంస్థలు మాత్రం, అదీ ఇంకో వ్యసనమేనని వాటిని రానివ్వవు. ఇక్కడ నేను వైద్యుల పక్షమే.

రెండోది, పని. తిండీ బట్టా పెడుతున్నాం కదా అని రోజంతా చాకిరీ చేయించుకుంటే? ఆలమో ఫౌండేషన్ అనే మతసంస్థ, ఒకప్పటి మత్తు బానిసలచేత తన వ్యాపారాల్లో జీతం లేకుండా పనిచేయించింది. వాళ్ళూ కనీస వేతన చట్టం కిందికి వస్తారని అమెరికా సుప్రీంకోర్టు 1985లో తీర్పు చెప్పింది.

మూడోది మన ఊరి కథే. బాపట్ల దగ్గరి స్టువర్టుపురం పేరు వినని తెలుగువాళ్ళు ఉండరు. బ్రిటిషువాళ్ళ రోజుల్లో కొన్ని కులాలవాళ్ళని పుట్టుదొంగలని చట్టం చేసి ముద్రవేసి, అక్కడ కాలనీలో పెట్టి, దాన్ని నడపమని ఈ సాల్వేషన్ ఆర్మీకే, అంటే మనవాళ్ళు రక్షణ సైన్యమనేదానికే, అప్పజెప్పారు. అక్కడా ఇల్లు, పని, ప్రార్థన ఉన్నాయి. కానీ ఆ మనుషులు తమంతట తాము వచ్చి చేరినవాళ్ళు కారు. పోలీసు హాజరు వేయించుకోవాలి, అనుమతి లేకుండా కదలకూడదు. సోఫా మోసిన పెద్దాయన తలచుకుంటే నూటపదమూడో రోజున వెళ్ళిపోగలడు. అందుకే అక్కడ గడిచిన ప్రతి రోజూ ఆయన సొంతమైంది. బలవంతంగా ఉంచినచోట ఆ మాట అనలేం.

మన దేశంలోనూ ఇలాంటివి ఉన్నాయి. బొంబాయి బాంద్రాలో జో పెరీరా అనే కేథలిక్ ఫాదర్ 1981లో కృపా ఫౌండేషన్ మొదలుపెట్టారు. ఆయన బి.కె.ఎస్. అయ్యంగార్‌గారి దగ్గర యోగం నేర్చుకున్నారు. తాగుడు మానడానికి వచ్చినవాళ్ళచేత ఆసనాలూ వేయిస్తారు. చర్చి ఫాదరు ఆసనాలు వేయించడమేమిటని మా వియ్యపురాలు ఆశ్చర్యపోయిందిగానీ, నాకు సబబుగానే తోచింది.

మీ ఇంట్లోనో, ఎరిగినవాళ్ళింట్లోనో ఎవరినైనా ఇలాంటిచోట చేర్చాలనుకుంటే, అది ఏ మతంవాళ్ళదైనా, ముందు వెళ్ళి చూడండి. డాక్టరు రోజూ వస్తాడా? ఇంటికి ఫోను చేసుకోనిస్తారా? కొడతారా, గొలుసు వేస్తారా? వెళ్ళిపోతానంటే వదులుతారా? ప్రార్థనకి కూర్చోకపోతే అన్నం పెడతారా? తాగుడు మాన్పించే కేంద్రాలు 2017 నాటి మానసిక ఆరోగ్య చట్టం కిందికి వస్తాయి. రిజిస్ట్రేషన్ కాగితం చూపించమంటే తప్పేమీ కాదు. ఎక్కడికి వెళ్ళాలో తెలియకపోతే 14446కి ఫోను చెయ్యండి. ప్రభుత్వంవారిది, డబ్బులు పడవు.

ఇంకొక్క మాట. "తాగుడు మానితే కొట్టడమూ మానేస్తాడు" అని ఓర్చుకుంటున్న చెల్లెళ్ళు చాలామంది ఉన్నారు. తాగకుండా కొట్టేవాళ్ళు లేరా? అతను బాగుపడడానికి ఆరు నెలలు పడితే, ఆ ఆరు నెలలూ మీరూ పిల్లలూ ఎక్కడ ఉంటారన్నది వేరే ప్రశ్న. దానికోసం 181 ఉంది, రాత్రయినా పగలైనా. పిల్లల బర్త్ సర్టిఫికెట్లు, ఆధార్ కార్డులు, బ్యాంకు పుస్తకం ఒక సంచిలో వేసి, పక్కింటి పిన్నిగారి దగ్గర ఉంచండి.